రెండు వేళ్ల గుడ్డ

నాన్నా, నేను కులాసా. నా గురించి బెంగపడకు.

ఫైర్ సర్వీసు ట్రైనింగ్‌లో నాలుగు నెలలుగా నా పరువు తీస్తున్న పుల్-అప్, అదే కమ్మీకి వేలాడి పైకి లేవడం, నిన్న సాధించాను. ఇన్నాళ్లూ కాళ్ల కింద రబ్బరు పట్టీ లేనిదే పైకి లేవలేకపోయేదాన్ని. నిన్న మా టీచరమ్మ "ఇంకెన్నాళ్లే ఆ ఊతం?" అని పట్టీ లాగేసింది. పంటి బిగువున లేచాను. గడ్డం కమ్మీ దాటిందో లేదో, నువ్వు కుట్టిన నీలం చొక్కా చంక దగ్గర పర్రుమని చిరిగింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను చిరుగు పట్టుకుని ఏడ్చాను.

చిన్నప్పుడు కుట్ల లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలేవాడివి. దీనికి మాత్రం "ఇరవై మూడేళ్లొచ్చాయి, ఇంకేం ఎదుగుతావులే" అని వదల్లేదు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నీ సూదిలో దారం ఇప్పుడెవరు ఎక్కిస్తున్నారు? కళ్లజోడు మార్చమంటే వినవు.

చిరిగిన చొక్కా ఇక్కడి దర్జీకి ఇవ్వలేదు. అదే నీలం గుడ్డ తీసిపెట్టు. కొలతలు రాసి పంపమని మాత్రం అడగకు. సెలవు దొరకగానే వచ్చి, నీ ముందు చేతులు చాపి నిలబడతాను. నువ్వే కొలుచుకో. ఈసారి లోపల గుడ్డ వదులు నాన్నా.

అమ్మకి చెప్పు, వేళకి తింటున్నానని.

నీ బక్కపిల్ల