బోర్డు చదవని శ్యాంసన్

పలకల క్వారీ ప్రమాదం విచారించిన అధికారి గారి సముఖమునకు,
మార్కాపురం దగ్గరి పల్లె నుండి కూలిమనిషి ఎలీషబా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కొడుకు శ్యాంసన్ చదువు రాక చనిపోయినాడని తమ రిపోర్టులో ఉన్న మాట కొట్టివేసి, చదువు ఉండి చనిపోయినాడని వ్రాయుట గురించి.

నేను ఐదో తరగతి దాకా చదివినాను. అయినా అర్జీ ఎట్ల ఉండవలెనో తెలుసును. పింఛనుకైనా, బోరింగుకైనా మా పేటలో అందరి అర్జీలూ శ్యాంసనే వ్రాసి, పొయ్యి దగ్గర కూర్చుని నాకు చదివి వినిపించేవాడు. కావున ఇందులో తప్పులుంటే నావి, మర్యాద ఉంటే వాడిది.

1. పోయిన వానకాలం క్వారీ గుంతలో బండ జారి నా కొడుకు చనిపోయినాడు. తమరు వచ్చి చూసి, "మృతుడు నిరక్షరాస్యుడు. వాన వెలిసిన రెండు రోజుల వరకు గుంతలో దిగరాదను బోర్డును చదవలేకపోవుటయే ప్రమాదమునకు కారణము" అని వ్రాసినారు. కూడబలుక్కుని నేనే చదివినాను.

2. సదరు మృతుడు ఎం.ఏ. తెలుగు, బి.ఇడి. టీచరు పరీక్ష రెండుసార్లు తప్పినాడు. మూడోసారి ప్రభుత్వం వారు పెట్టేదాకా తినవలెను గదా అని క్వారీకి పోయినాడు. మొదటి క్వారీలో నిజం చెప్పినాడు. "అయితే పో నాయనా. చదివినోళ్లు పోస్టు పడంగానే పని ఇడిచిపెట్టి పోతారు. పోనోళ్లు హెల్మెట్ అడుగుతారు" అని అక్కడి మేస్త్రీ తోలేసినాడు. పక్క క్వారీలో చదువు రాదని చెప్పి వేలిముద్ర వేసినాడు. పని దొరికింది.

3. తరువాత కూలీల చదువులు లెక్క వ్రాసుకొనుటకు సర్వే అమ్మాయి వచ్చినది. పేరు స్రవంతి. కంభంలో డిగ్రీ చదివేటప్పుడు వీడి క్లాసే. ఇద్దరూ గుసగుసగా ఆడుకున్న ఆ మాటలు ఇంటికి వచ్చి చెప్పి నన్ను నవ్వించినాడు.

"అన్నా, నీకేం రాసేది?"

"చదువు లేదని రాయి తల్లీ. మేస్త్రీ ఇంటన్నాడు."

"నాకు సంధులు చెప్పి పాస్ చేయించింది నువ్వే గదన్నా!"

"అందుకే నీకు మూడు నెలల పనన్నా దొరికింది. రాయి."

ఆ సర్వే ప్రకారం మా క్వారీలో ఒక్కరికీ అక్షరం ముక్క రాదు. అందులో బి.కాం. ఉన్నాడు, పాలిటెక్నిక్ ఉన్నాడు. పేర్లు అడగవద్దు. చెబితే వాళ్ల పని పోవును.

4. బోర్డు వాడు చదివినాడు అయ్యా. ఆ పొద్దు పక్కనున్న కూలీ ఒకాయన నాతో చెప్పినాడు. గుంత అంచున నిలబడి బోర్డు వంకే చూస్తూ ఉంటే మేస్త్రీ, "ఏందిరా, చదువొచ్చినోని మాదిరి చూస్తన్నావు?" అన్నాడట. "నాకు యాడొస్తది మామా, బొమ్మేమన్నా ఉందేమోనని చూసినా" అని చెప్పి దిగినాడట.

ఆ బోర్డు మీద బొమ్మ లేదు.

5. తమ రిపోర్టు పుణ్యమా అని క్వారీ దగ్గర సాయంకాలం అక్షరాల బడి పెట్టినారు. పై బి.కాం. ఆయన రోజూ అ, ఆ దిద్దుచున్నాడు, బాగా దిద్దుచున్నాడని మెచ్చుకున్నారట. మొదటి రోజు శ్యాంసన్ పేరు కూడా పిలిచినారు. వాడు పలకలేదని ఇంటికి నోటీసు పంపినారు. దానికి ఏమని జవాబు వ్రాయవలెనో నాకు తెలియలేదు. ఇట్లాంటివి వాడే చూసుకునేవాడు.

6. తమ గుమస్తా గారు మంచి మాటే చెప్పినారు. "అమ్మా, చదువుందని రాస్తే అబద్ధం చెప్పి పనిలో చేరినాడని అయితది. తెలిసే దిగినాడని అయితది. ఓనరు సాయం ఇయ్యడు. చదువు రాదనే ఉండనీ." మా కోడలు దీవెన ఒడిలో చంటిబిడ్డ ఉన్నది. సాయం మాకు అవసరమే. కానీ వాడిని చదివించుటకు వాళ్ల నాయన కురిచేడు స్టేషన్లో బస్తాలు మోసి నడుము విరగ్గొట్టుకున్నాడు. చదువు రాక చచ్చినాడంటే మేము వాడిని బడికి పంపలేదని గదా అర్థం? పంపినాము అయ్యా. జ్వరం తగిలినా, ఇంట్లో గింజ లేకపోయినా పంపినాము.

కావున తమరు ఈ తల్లి మాట చిత్తగించి, రిపోర్టులో "బోర్డును చదవలేకపోవుటయే" అన్న చోట "చదివినానని చెప్పలేకపోవుటయే" అని మార్చవలెను. సాయం సంగతి తమ దయ.

తమ విధేయురాలు,
ఎలీషబా

మరొక మాట: కవరు అంటించేలోపు మేస్త్రీ మా ఇంటికి వచ్చినాడు. మర్యాదగానే మాట్లాడినాడు. "పిన్నమ్మా, కోడలిని పంపు. పలకలు ఏరే కాడ పెట్టుకుంటా. ఏమన్నా చదివిందా?" అని అడిగినాడు. దీవెన బి.ఎస్సీ. ఆ పిల్ల నా మొహం చూసింది. "లేదు నాయనా, మా ఇంట్లో ఎవరికీ చదువు రాదు" అని నేనే చెప్పినాను. సోమవారం నుండి రమ్మన్నాడు. కాబట్టి శ్యాంసన్ వరకే మార్చండి. మేస్త్రీ ఈ కాగితం సంగతి అడిగితే, ముసలిది ఎవరితోనో వ్రాయించుకున్నదని చెప్పండి.