దిగే కిటికీ పక్క రాయి

బావా,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి ముప్పై ఏళ్లు దాటింది. నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. ఒకే క్వార్టర్‌లో ఉన్నన్నాళ్లు ఉత్తరంతో పనేముంది? పని పడినా రాసేవాణ్ని కాదులే. "అరే బామ్మర్ది, మాట్లాడితే కంపెనీ జీతం కోస్తదారా నీకు?" అనేవాడివి.

ఇప్పుడు జీతం లేదు, పెన్షనే. అందుకే ధైర్యం చేసి రాస్తున్నా...

మనం పనిచేసిన బొగ్గు బాయి మూసేసి చాలా కాలమైంది. అడవి మళ్లీ దగ్గరికొచ్చింది. బొగ్గు టబ్బులు నడిచిన పట్టాల మధ్య మోదుగ మొక్కలు మొలిచాయి. కూలకుండా నిలబడింది, దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంపు రూము ఒక్కటే. దొరల కాలంలో రాయితో, సున్నంతో కట్టింది కదా. దాన్ని బాగుచేసి మ్యూజియం చేస్తున్నారు. షిఫ్టు ఎప్పుడైపోతుందా, ఎప్పుడు ఇంటికి పోదామా అని మనం చూసిన చోటికి, జనం టికెట్ కొనుక్కుని వస్తారట. నువ్వుంటే ఎంత నవ్వేవాడివో!

హైదరాబాదు నుంచి ఆర్కిటెక్టు మేడం వచ్చింది. వయసులో చిన్నది, మెల్లగా మాట్లాడుతుంది. ఎప్పుడో ఎవరో పూసిన సిమెంటునంతా చెక్కించేసింది. సిమెంటు పూస్తే పాత గోడకు ఊపిరి ఆడదట, చెమ్మ లోపలే నిలిచిపోతుందట. ఊపిరి ఆడకపోవడం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా బావా...

వెనక వైపు ఇనుముతో, అద్దాలతో కొత్త గది లేపారు. పాత గోడకు ఆనకుండా జానెడు ఎడంగా నిలబెట్టారు. కొత్తది కొత్తదిలాగే కనబడాలట, పాతదాని వేషం వేయకూడదట. ఆ మాట నాకు నచ్చింది.

ఏది ఎక్కడ ఉండేదో చెప్పమని పాత కార్మికులను పిలిచారు. తలా ఒక మాట చెప్పారు. నేను వెనకాల నిలబడి వచ్చేశా. నా సంగతి నీకు తెలుసు కదా.

కానీ ఆ రెండు కిటికీలను చూస్తూనే ఉన్నా... బాయిలోకి దిగేటప్పుడు నంబరు బిళ్ల ఇచ్చి లాంపు తీసుకునే కిటికీ ఒకటి, పైకి వచ్చాక లాంపు అప్పగించే కిటికీ ఒకటి. మా అక్క మొగుడివని నాకు పని పెట్టించి, మొదటి రోజు నా చెయ్యి పట్టుకుని దిగే కిటికీ పక్క రాయి మీద పెట్టించావు. "గోడకు చెప్పి దిగాలెరా. మళ్లొచ్చి చెప్పి ఇంటికి పోవాలె" అన్నావు. అందరం అట్లాగే చేసేవాళ్లం. దిగేటప్పుడు చేతులు శుభ్రంగా ఉండేవి కాబట్టి ఆ రాయి నునుపు తేలింది. పైకి వచ్చేటప్పుడు బొగ్గు చేతులు కాబట్టి రెండో కిటికీ పక్క గోడ నల్లబడింది. గుమాస్తా తిట్టుకుంటూ ప్రతి దసరాకీ దానికి సున్నం కొట్టించేవాడు. తెల్లారే షిఫ్టు పైకి వచ్చేసరికి మళ్లీ నలుపే! "సున్నం వాళ్లది, బొగ్గు మనది. చూద్దాం ఎవరు గెలుస్తరో" అని నువ్వు నవ్వేవాడివి.

మొన్నటి వారం మళ్లీ పోయి చూద్దును కదా, ఆ నలుపు లేదు. కూలీలు బ్రష్షులు పెట్టి రుద్ది కడిగేశారు. వాళ్లకు అది మసి, అంతే. ఎంత తెల్లగా వచ్చిందో చూడు తాతా అని ఒకతను సంబరంగా చూపించాడు. పాపం, అతని తప్పేముంది? బాగుంది అన్నా.

ఈసారి సున్నమే గెలిచింది బావా.

అక్క ఇప్పుడు పాల్వంచలో మీ పెద్దోడి దగ్గర ఉంటోంది. మోకాళ్ల నొప్పులు. వాడు నీలాగే షిఫ్టుకు పోతూ పోతూ జోకులేస్తాడు, అక్క నవ్వదు. బస్సెక్కి పోయి ఆమెకు సంగతి చెప్పా. మోకాళ్లకు నూనె రాసుకుంటూ వింది. తర్వాత, నన్నొకసారి అక్కడికి తీసుకుపోతావా అంది. ఆడవాళ్లను మనం ఆ దరిదాపులకు రానిచ్చామా? నువ్వు సైకిల్ ఎక్కి మూల తిరిగేదాకానే ఆమెకు తెలుసు. ఆ తర్వాత నువ్వు ఎక్కడ నిలబడేవాడివో, ఎక్కడ చెయ్యి పెట్టేవాడివో ఎన్నడూ చూడలేదు. నిన్ను పైకి తెచ్చిన రోజు కూడా నేరుగా దవాఖానాకే తీసుకుపోయారు కదా...

సరే అని వచ్చేశా. నలుపు పోయినా నున్నటి రాయి ఉంది, అది చూపిద్దాం అనుకున్నా.

మర్నాడు పోతే ఆ రాయి మీద ఎర్ర రంగుతో గీత గీసి ఉంది. కొత్త గదిలోకి దారి కావాలట. దిగే కిటికీని కిందికి కోసి తలుపు పెడతారట. పక్క రాళ్లు తీసేస్తారట.

నువ్వుంటే ఒక్క కేకతో పని ఆపేవాడివి. నాకేమో నలుగురిలో మాట రాదు. మేడం చుట్టూ ఇంజనీర్లు, కాగితాలు. పొద్దుటి నుంచి చింతచెట్టు కింద కూర్చున్నా. అన్నాల వేళకు అందరూ పోయాక ఆమె ఒక్కతే గోడ దగ్గర ఉంది. లేచి వెళ్లా. రాయి మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డా.

ఏమైందని అడిగింది. మీరు కూడా పెట్టండి మేడం అన్నా. పెట్టింది. ఆమె వేళ్లు వాటంతటవే రాయి మీది చిన్న గుంటలోకి జారాయి. అదంతా చేతుల అరుగుడేనని చెప్పా. ఎవరివని అడిగింది. అందరివీ అన్నా. తర్వాత నీ పేరు చెప్పా. బాయిలో కప్పు కూలి నువ్వు పోయిన సంగతి చెప్పా. అక్క వస్తానన్న సంగతీ చెప్పా. అన్ని మాటలు నేను ఎవరితోనైనా మాట్లాడానా బావా ఎప్పుడైనా?

ఆమె గీత చెరిపేయించింది. తలుపును రెండో కిటికీ దగ్గరికి మార్చింది. అక్కడ మిగిలిందేమీ లేదు కదా అంది. నిజమే... మనం పైకి వచ్చి చెయ్యి పెట్టే చోటు ఇక అద్దాల తలుపు అవుతుంది.

నిన్న అక్కను తీసుకుపోయా. మీ పెద్దోడు ఆటో మాట్లాడాడు. రాయి చూపించా. కొంగుతో చెయ్యి తుడుచుకుని, మెల్లగా పెట్టింది. కళ్లు మూసుకుంది. ఏడవలేదు. ఆ రోజు కూడా చెయ్యి పెట్టే దిగాడా అని అడిగింది.

ఆ రోజు నాది రెండో షిఫ్టు. నువ్వు దిగేటప్పుడు నేను క్వార్టర్‌లో పడుకుని ఉన్నా. నేను చూడలేదు బావా. అయినా అవ్ అన్నా. పెట్టే దిగాడు అక్కా అన్నా. ఆమె చెయ్యి తియ్యకుండా తల ఊపింది.

రాత్రి నుంచి నాకు అదొక్కటే...

పెట్టావు కదా బావా? ఆలస్యమైందని ఉరుక్కుంటూ పోలేదు కదా?

అక్క మళ్లీ వస్తానంది. ఎప్పుడంటే అప్పుడు తీసుకొస్తా. ఆమె ఇంకేమడిగినా చెబుతా.

నీ బామ్మర్ది