నల్లగోళం మెరుపు

ప్రియమైన నాన్నా,

రోడ్డు పని దగ్గర ఎండను కొలవడం నా ఉద్యోగమంటే అందరూ నవ్వుతున్నారు. స్టాండుకు మూడు థర్మామీటర్లు. ఒకటి మామూలుది, ఒకదానికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది, మూడోది నల్లరంగు వేసిన రాగిగోళంలో. ఎండ మనిషి ఒంటికి ఎంత తగులుతోందో చెప్పేది ఆ గోళమే. మూడూ కలిపి లెక్కేసినప్పుడు ముప్పై దాటితే పని ఆపించాలి.

మొన్నటిదాకా రోజూ దాటేది. ఈ వారం ఒక్కసారీ దాటలేదు. ఎండ మాత్రం మాడ్చేస్తోంది. మేస్త్రీ మాటిమాటికీ స్టాండు దగ్గరికెళ్తాడు, నన్ను చూడగానే తప్పుకుంటాడు. పని ఆగితే ఆయనకే కదా ఇబ్బంది.

నువ్వు చెప్పినట్టే పనిముట్లన్నీ రోజూ పొడితో తోముతున్నాను. అద్దంలా ఉన్నాయి, చూస్తే మురిసిపోతావు.

నీ చిట్టి

ప్రియమైన చిట్టీ,

నలభై ఏళ్లు తాళాలు బాగుచేసినవాణ్ణి, దొంగచూపు నాకు తెలుసు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ మేస్త్రీ వాలకం. నోరు మెదపకుండా కనిపెట్టు. గోళానికి నీడ పెడుతున్నాడేమో చూడు. మీ అమ్మ మాత్రం మనిషిని అనేముందు వస్తువును చూసుకోమంటోంది. ఆవిడకు అందరూ మంచివాళ్లే.

నీ నాన్న

ప్రియమైన నాన్నా,

నిన్న తట్టలు మోసే అక్క ఎండకు పడిపోయింది. నా కాగితంలో ఇరవై ఎనిమిదే ఉంది, అందుకే పని ఆపలేదు. ఆసుపత్రిలో ఆమె ముందు నిలబడలేకపోయాను.

ఇవాళ మేస్త్రీ దొరికిపోయాడు. గోళం మీద చెయ్యి వేసి ఉన్నాడు. అడిగితే, "ఇంత ఎండలో ఇది కాలట్లేదేంటమ్మా" అన్నాడు. ఎంత నటన. ఫిర్యాదు రాసేశాను, రేపు ఆఫీసులో ఇస్తాను.

నీ చిట్టి

చిట్టీ,

ఇది అందేలోపే ఇచ్చేసి ఉంటావేమోనని భయంగా ఉంది. అద్దంలా ఉన్నాయని రాశావు. నల్లగోళం అద్దంలా ఎలా ఉంటుందే? ఆ ముక్క మొదటి ఉత్తరంలోనే ఉంది, నా కళ్లకు మేస్త్రీ తప్ప ఏదీ ఆనలేదు. వెళ్లి చూడు, రంగుపోయి రాగి బయటపడి ఉంటుంది. మెరిసే రాగి ఎండను తోసేస్తుంది. తోమమన్న పాపం నాది.

నాన్న

ప్రియమైన నాన్నా,

ఇచ్చేశాను. మేస్త్రీని పనిలోంచి తీసేశారు కూడా.

గోళం దించి చూస్తే పైసగం రాగే. మళ్లీ నల్లరంగు వేసి, ఆరాక ఎండలో పెట్టాను. మూడూ కలిపి లెక్కేస్తే ముప్పై రెండు. తప్పు నాదని ఆఫీసులో రాసిచ్చాను, నా ఉద్యోగం ఉంచుతారో తీసేస్తారో వాళ్లింకా చెప్పలేదు. అక్క లేచి కూర్చుందట.

తర్వాత మేస్త్రీ ఇంటికెళ్లాను. అనుమానమొచ్చి రోజూ చెయ్యి వేసి చూసేవాడట. చదువుకున్నదాన్ని నన్ను అడగాలంటే మొహమాటమట. ఇదంతా తర్వాత చెప్పాడు. తలుపు తీయగానే, నేను నోరు విప్పకముందే, ఒక్కటే అడిగాడు.

"ఇప్పుడు కాలుతోందామ్మా?"

నీ చిట్టి