నాన్న జీపుకి గట్టి యాక్సిల్

జులై 1996, ఆదివారం రాత్రి
సెక్టర్ 4

పోయిన వారం వాగు దాటుతుంటే రాయి తగిలి మా పాత జీపు ముందు చక్రాల యాక్సిల్ వంగిపోయింది. ఈరోజు నాన్నతో కలిసి మా సెక్టర్ అవతల క్యాంప్ 1 బస్తీలో ఉన్న మెకానిక్ రఫీక్ భయ్యా షెడ్డుకి వెళ్లాను. ఉన్నదాన్నే సరిచేసి బిగించవచ్చట. అడవి దారుల్లో తిరగాలంటే మాత్రం ఇంకా గట్టిది వేయించుకోమన్నాడు. కాకపోతే దానితో స్టీరింగ్ బరువెక్కుతుందని కూడా చెప్పాడు.

నాకు వెంటనే నాన్న కుడి భుజం గుర్తొచ్చింది. ఈమధ్య ఆయన ఎడమచేత్తో తల దువ్వుకుంటున్నారు. అడిగితే ఏమీ లేదంటారు. అందుకే, పాతదే చాలు నాన్నా అన్నాను.

అలాంటి గట్టి యాక్సిల్ వేసిన జీపు ఒకటి షెడ్డులో ఉంటే, నాన్న భయ్యాని అడిగి నన్ను అందులో కూర్చోబెట్టారు.

"తిప్పి చూడమ్మా. బరువుగా ఉందేటి?"

"ఉంది. కానీ తిప్పగలను."

"అయితే గట్టిదే ఏయించేద్దాం. ఇకమీదట నువ్వే తోలాలి గదా. నేను పక్కన కూకుంటాను."

నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే అయినా, అడవి దారిలో ఇంతవరకూ ఎవరికీ స్టీరింగ్ ఇవ్వలేదు. సంతోషమో దిగులో తెలియక అలాగే కూర్చుండిపోయాను. నొప్పి బాగా ఉందా అని అడగబోయి మానేశాను. ఇంటికి వచ్చే దారంతా వాగు దగ్గర గేరు ఎప్పుడు మార్చాలో చెబుతూనే ఉన్నారు.

రేపు భయ్యాకి సరేనని చెప్పాలి. పక్క సీటులో స్ప్రింగు ఒకటి పైకి పొడుచుకొచ్చింది. ఇన్నాళ్లూ దాని మీద కూర్చున్నది నేనే కాబట్టి నాకు తెలుసు. ముందు అది బాగుచేయించాలి.