బండి వెనక పలక

శామీర్‌పేట,
11 ఫిబ్రవరి 1947

నా చంకలో పెరిగిన తమ్ముడు జయరాజుకు,

బొల్లారంలో కొత్త కొలువు ఎట్లా ఉంది? ఇక్కడ మీ బావ కాలు ఇంకా కట్టులోనే ఉంది. మా కట్టెల బండిని కారు గుద్ది మూడు వారాలైంది. ఎడ్లు బెదిరి బండే కారుకు అడ్డం వచ్చిందని కారు గల ఆ కంట్రాక్టరు పోలీసు అమీను దగ్గర రాయించాడు. అడ్డం వస్తే బండి వెనక పలక ఎందుకు పగులుతుంది? దాని మీద కారు నీలిరంగు ఎట్లా అంటుకుంటుంది? దవాఖానా ఖర్చు, చచ్చిన ఎద్దు ధర, పోయిన కిరాయిలు ఇప్పించమని మేడ్చల్ కచేరీలో దావా వేశాను కదా. మాకు ఆ పలక ఒక్కటే సాక్ష్యం.

నిన్న ఆ కంట్రాక్టరు లెక్కలు రాసే మున్షీ బెల్లం బుట్ట పట్టుకొని వచ్చాడు. "అయ్యో చెల్లే, బండి గట్లనే పడున్నదేంది? మేమే బాగు చేయిస్తం. కొత్త పలకలేయిస్తం, పైస అడగం" అన్నాడు. ఈ నక్క వినయాలు నేనెరగనివా? కాలు విరగ్గొట్టినవాళ్ళకు బండి మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో! బుట్ట వెనక్కి పంపించేశాను.

నువ్వు కూడా "బాగుకు ఇచ్చెయ్యి అక్కా" అని మూడు ఉత్తరాల్లోనూ రాశావు. ఆలోచిస్తాను. అంతవరకు పలకను విప్పి చర్చి వెనక సామాన్ల గదిలో పాత బెంచీల కింద దాచాను. ఈ సంగతి మీ బావకు కూడా తెలియదు. నీ ఒక్కడికే రాస్తున్నాను.

నీ అక్క,
సుందరమ్మ

శామీర్‌పేట,
17 ఫిబ్రవరి 1947

జయరాజూ,

నిన్న మేమంతా ఆరాధనలో ఉండగా సామాన్ల గదిలో చప్పుడైంది. పోయి చూస్తే మున్షీ, ఇంకో ఇద్దరు మనుషులు. గదిలో ఇంకెక్కడా వెతకలేదు, తిన్నగా పాత బెంచీలే లాగుతున్నారు. ఎలీషమ్మత్త మున్షీ చెయ్యి పట్టుకొని "ఏందయ్యా, గీడ ఏమున్నదని వచ్చిన్రు? ఎవలు చెప్పిన్రు మీకు?" అని నిలదీసింది. అతను చెయ్యి విడిపించుకొని బయటికి పరుగెత్తాడు. నాకైతే జవాబు అక్కర్లేకపోయింది.

పలక అక్కడ ఎన్నడూ లేదు. నీకు ఆ ఉత్తరం రాయడానికి ముందురోజే దాన్ని కచేరీలో అప్పజెప్పి రసీదు తీసుకున్నాను. నువ్వు మూడుసార్లూ ఒకే మాట రాసేసరికి నాకు అనుమానం వచ్చింది. నా అనుమానం తప్పు కావాలని ఈ వారమంతా ఉపవాసముండి ప్రార్థించాను. నీ కొలువు ఎవరు ఇప్పించారో ఇక అడగను. ఒక్క మాట నాతో చెప్పి ఉంటే తిట్టేదాన్ని, కొట్టేదాన్ని, కానీ ఇట్లా ఏడ్చేదాన్ని కాదు.

మీ బావకు ఇంకా చెప్పలేదు. "పేషీ నాడు జయరాజు ఉంటే నాకు ధైర్యం. వాడే నన్ను పట్టుకొని కచేరీ మెట్లెక్కిస్తడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నారు. మన దావా విచారణ జరిగే ఆ పేషీ వచ్చే బుధవారమే. నా ముఖం చూడకు, నాతో మాట్లాడకు. కానీ రా. ఆయనను పట్టుకొని ఆ మెట్లెక్కించి వెళ్ళిపో.

సుందరమ్మ