ఓపెన్‌కాస్టులో కప్ప

జూన్ 18
కమాన్‌పూర్ వైపు, ఓపెన్‌కాస్టు బొగ్గుగని తవ్విపోసిన మట్టిగుట్ట మీద మళ్లీ అదే కప్ప. ఊళ్లో తిరిగే గోండ్రుకప్పకు తల మీద నల్లటి గట్లు ఉంటాయి. దీనికి లేవు — నున్నటి తల, చెవి వెనక పొడవాటి గ్రంథులు. పుస్తకం ప్రకారం ఎడారి కప్ప. అందులోని పటం రాజస్థాన్ దాటి రాదు. పటం గీసినవాళ్లు మన ఎండ ఎరగరు.

జూన్ 19
అక్కావాళ్లకు ఫొటో చూపించాను. "కాలేజీల పిల్లలకు చెప్పుకోక ఈ కప్పల ఫికర్ ఏందే నీకు?" రాజన్న బావ నవ్వు. ఆ గుట్ట మీద మట్టి పోసే డంపర్ నడిపేది ఆయనే. "రాజస్థాన్ నుంచి మిషన్లు వస్తయి గద. దాంట్ల వడి వచ్చుంటది."
కోపం వచ్చింది. యూనివర్సిటీ సారూ అదే మాట — "ఒక్క కప్పతో పటం మారదమ్మా. ఇక్కడే పుట్టి పెరుగుతోందని చూపించు."

జూన్ 24
వాన. గుట్ట కింది గుంటలో తోకకప్పలు! కాళ్లొచ్చి కప్పలైతే తప్ప ఏ జాతో తేలదు... బావ అంటాడు — "గా గుంట రేపు పూడుతది."

జూన్ 25
పొద్దున్నే బకెట్‌తో పోయాను. అప్పటికే బావ డంపర్ గుంట వైపు వెనక్కి వస్తోంది. ఫోన్ చేసి అరిచాను — "బావా, కప్ప, కప్ప! పొయ్యకు!"
బండి ఆపి దూకాడు. "కప్పు పడ్డది, ఉరుకుండ్రి!" అందరూ పరుగో పరుగు. ఇరవై ఏళ్లు భూమి లోపలి గనిలో చేసిన మనిషి. ఇంజన్ రొదలో నా కప్ప ఆయనకు గని కప్పు కూలడమైంది — పైన ఆకాశం తప్ప కప్పే లేని ఓపెన్‌కాస్టులో.
తేరుకుని బావ ఒక్కడే తిరిగొచ్చేసరికి నేను గుంటలో ఉన్నాను. తిట్టలేదు. తోకకప్పల బకెట్ పైకి అందుకున్నాడు.

జూన్ 27
గుంట పూడింది. ఉత్త కేకతో పని ఆపించాడని బావకు చార్జిషీటు. "ఓపెన్‌కాస్టులో కప్పెక్కడిదయ్యా?" అని మేనేజర్ అడిగితే అందరూ నవ్వారట. డ్యూటీలో ఫోన్ ఎత్తాడని తెలిస్తే నౌకరీకే ఎసరు. "నాకే గట్ల అనిపించింది సార్" అన్నాడట. నా ఫోన్ మాటే ఎత్తలేదు.

జూలై 2
టబ్బులో... వెనక కాళ్లు.

జూలై 26
తల మీద గట్లు లేవు. చెవి వెనక పొడవాటి గ్రంథులు. ఇక్కడివే! ఒక్కదాన్నే గెంతాను.
సాయంత్రం సారు ఫోన్ — "గుంట లేదు. నీ మాట ఎవరు నమ్ముతారు? ఆ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయి. చూసినవాళ్లతో సంతకం పెట్టించు." చూసింది బావ ఒక్కడే.

జూలై 27
రాసుకుని పోయాను. ఫోన్ సంగతితో సహా. బావ మీద ఎన్‌క్వైరీ సోమవారం — ఈ కాగితం మేనేజర్ కంటబడితే అంతే. బావ రెండుసార్లు చదివాడు.
"కప్ప గీడిదేనా?"
"గీడిదే బావా."
"మరి జల్ది తే, సంతకం పెడ్త. డ్యూటీకి పోవాలె."
అక్క పెన్ను లాక్కుని కొంగున ముడేసుకుంది. ఏడుస్తోంది. బావ నా వైపు చూస్తున్నాడు.
నా సంచిలో ఇంకో పెన్ను ఉంది.