మూసుకోని వంటింటి తలుపు

చిరంజీవి పెద్దోడికి అమ్మ దీవించి రాయిస్తున్నది. ఈ పూటకి ఇద్దరం క్షేమమే.

వానలు వెనకబట్టాయి కదా, ఇల్లు వదలొద్దని రాశావు. నిజమే, పొద్దున ఎండ కాస్తోంది, మధ్యాహ్నానికి కొండ మీంచి మంచు దిగుతోంది, సాయంత్రం నాలుగు చినుకులు, అంతే. కానీ జోరువానల్లో చక్కగా మూసుకున్న వంటింటి తలుపు ఇప్పుడు మూసుకోవడం లేదు. ఈ కార్డు రాస్తున్న నీ పెళ్ళాం, “చెమ్మకి చెక్క ఉబ్బింది అత్తయ్యా” అంది. ఎండలో ఉబ్బే చెక్క ఎక్కడుందే అన్నాను. వెనక కొండ జారి గోడని నెడుతోందిరా. గడప పక్కన పగులులో నిన్న నా వేలు దూరింది, ఇవాళ చెయ్యి దూరింది. అది చూసి కూడా ఇది, “ఆయన వదలొద్దన్నారుగా” అంటోంది. నిండు చూలాలు, పరిగెత్తగలదా? ఆ మాటా రాయవే అన్నాను.

నీ దగ్గు తగ్గిందా? ఉన్ని చొక్కా తొడుగుతున్నావా, పెట్టెలోనే దాచావా?

నీ జవాబు వచ్చేదాకా కొండ ఆగదు. చీకటి పడకముందే దీన్నీ గేదెనీ తీసుకుని కింద మీ మేనత్త ఇంటికి దిగుతున్నాను. తిట్టాలంటే నన్ను తిట్టు. ఉత్తరం మాత్రం ఈ ఇంటికి రాయకు. నూరేళ్ళు చల్లగా ఉండు.